పరుగెత్తించే నాన్నలూ, పరుగెత్తే నాన్నలూ

తెలుగు క్రియలకు ఒక చిత్రమైన సదుపాయం ఉంది. చివర ఒక ‘ఇంచు’ తగిలిస్తే చాలు, పని మనం చెయ్యనక్కర్లేదు, ఎదుటివాడు చేస్తాడు. చదువు – చదివించు. రాయి – రాయించు. పాడు – పాడించు. దీన్ని వ్యాకరణం మాస్టార్లు ప్రేరణార్థకం అంటారు. మన ఇళ్ళలో పిల్లల పెంపకం యావత్తూ ఈ ప్రేరణార్థకం మీదే నడుస్తోందని నాకు చాలాకాలంగా అనుమానం. ఏడాదికి ఒక్క పుస్తకం తెరవని తండ్రి కొడుకుచేత రాత్రి పదకొండు దాకా చదివిస్తాడు. సరిగమలు పలకడం రాని తల్లి కూతురిచేత వర్ణం పాడిస్తుంది. ఇక పరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎల్.కె.జి. సీటు దగ్గర మొదలుపెట్టి ర్యాంకు దాకా, ర్యాంకు నుంచి వీసా దాకా పిల్లల్ని పరుగెత్తిస్తూనే ఉంటాం. ఆ పరుగులో మనం ఎక్కడున్నామయ్యా అంటే, వాచీ చూసుకుంటూ గట్టు మీద నిలబడి ఉన్నాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ముక్క. పిల్లల్ని పరుగెత్తించడం కాస్త తగ్గించి, వాళ్ళతో కలిసి పరుగెత్తండి. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. నిజంగానే, రెండు కాళ్ళతో, కాన్వాసు బూట్లు వేసుకుని, తెల్లవారుజామున, మైదానంలోనో బీచ్ రోడ్డు మీదో, పక్కపక్కన.

ఈ సంచిక చదివేవారిలో విద్యార్థులున్నారు, అధ్యాపకులున్నారు, పాత విద్యార్థులున్నారు. పాత విద్యార్థుల్లో చాలామందికి ఈపాటికి పిల్లలు పుట్టి బడికి వెళుతూ ఉంటారు. విద్యార్థులందరూ ఎవరో ఒకరి పిల్లలే. అధ్యాపకులు ఇంటి దగ్గర తల్లిదండ్రులూ, ఇక్కడ దాదాపు తల్లిదండ్రులూను. కాబట్టి ఈ గొడవ మనకు సంబంధించినది కాదని పేజీ తిప్పేసే హక్కు ఎవరికీ లేదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మనకో సామెత ఉంది. అది తృప్తి గురించి చెప్పిన మాటే తప్ప వ్యాయామం గురించి కాదని నాకూ తెలుసు. అయినా మన సమాజానికి పరుగంటే ఉన్న చులకన అందులో కొంత తొంగిచూస్తూనే ఉంటుంది. పెద్దమనిషి అన్నవాడు నడుస్తాడు, పరుగెత్తడు. నడివయసు మనిషి రోడ్డు మీద పరుగెత్తుతున్నాడంటే దొంగైనా అయివుండాలి, దొంగను తరుముతున్నవాడైనా అయివుండాలి, కాదంటే బస్సు తప్పిపోతూ ఉండాలి. ఒకప్పుడు ఈ చులకన వల్ల నష్టమేమీ లేదు. పొద్దుటి నుంచి నాగలి వెంట తిరిగేవాడికీ, మైలు దూరం నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చే ఆడమనిషికీ విడిగా వ్యాయామం ఎందుకు? ఇప్పుడు కథ వేరు. కుర్చీలో కూచుని సంపాదించి, సోఫాలో కూచుని తిని, ఆ ఎడమ చేత్తోనే ఫోను నొక్కుకునే కాలం.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తూనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారనీ అందులో అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గాని ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకైతే సగటున రోజుకు 60 నిమిషాలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. తండ్రి వారానికి మూడుసార్లు, పాతికేసి నిమిషాలు పరుగెత్తితే అతని కనీసపు కోటా తీరిపోతుంది. పిల్లవాడికి మాత్రం రోజూ కావాలి. అంటే కదలవలసిన అవసరం మనకంటే వాళ్ళకే ఎక్కువ. వాళ్ళనే మనం కదలకుండా కూచోబెడుతున్నాం.

ఎలా కూచోబెడుతున్నామో వేరే చెప్పాలా? ఆరో తరగతిలోనే ఐ.ఐ.టి. పునాది అంటారు. పదో తరగతి అయ్యేసరికి ఆదివారం పూట కూడా పరీక్ష. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ చాలామందికి హాస్టలే ఇల్లు. అపార్టుమెంటు భవనాల్లో నడిచే కాలేజీలు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మెట్లుంటాయి, గదులుంటాయి, స్టడీ అవర్లుంటాయి. కాలు సాచి పరుగెత్తడానికి గజం నేల ఉండదు. అక్కడ నుంచి పద్దెనిమిదో ఏట మన కళాశాల గేటులో అడుగుపెట్టిన కుర్రాణ్ణి, చివరిసారి ఎప్పుడు పరుగెత్తావురా అని అడిగి చూడండి. తొమ్మిదో తరగతో, ఎనిమిదో తరగతో అని ఆలోచనలో పడతాడు. ఆడపిల్ల అయితే ఇంకా వెనక్కి వెళ్ళాలి. పెద్దదానివయ్యావన్న ఒక్క మాటతో పన్నెండో ఏటో పదమూడో ఏటో ఆమె పరుగు ఆగిపోయి ఉంటుంది.

సరే, పిల్లలు పరుగెత్తాలి, పెద్దలూ పరుగెత్తాలి. ఎవరి మానాన వాళ్ళు పరుగెత్తితే పోలేదా, కలిసి ఎందుకు అని అడగొచ్చు. అసలు విషయం అక్కడే ఉంది.

మన ఇళ్ళలో తండ్రికీ ఎదిగిన బిడ్డకూ మధ్య మాటలు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. అమ్మే తంతి తపాలా కార్యాలయం. ‘నాన్నగారితో చెప్పమ్మా’ అని ఇటునుంచి ఒక వార్త వెళుతుంది. ‘వాడికేం కావాలో కనుక్కో’ అని అటునుంచి ఒక వార్త వస్తుంది. హాస్టలు నుంచి నాన్నకు ఫోను చేస్తే భోంచేశావా, డబ్బులున్నాయా అన్న రెండు ప్రశ్నలు కాగానే ‘ఇదిగో, మీ అమ్మకిస్తున్నా’. ప్రేమ లేక కాదు. ఎదురెదురుగా కూచుని ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. ఎదురుగా కూచోవడం అంటేనే మన దగ్గర విచారణ అని అర్థం. మార్కుల కాగితం చేతిలో ఉన్నప్పుడే తండ్రి బిడ్డను ఎదురుగా కూచోబెడతాడు.

పరుగులో ఆ ఇబ్బంది లేదు. ఇద్దరి చూపూ ముందున్న రోడ్డు మీదే ఉంటుంది, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. ముఖాముఖిగా నోరు పెగలని మాట పక్కన నడిచే మనిషితో సులువుగా వచ్చేస్తుంది; ఇది స్నేహితులతో రాత్రిపూట రోడ్ల మీద తిరిగిన హాస్టలు విద్యార్థులందరికీ అనుభవమే. మాట రాకపోయినా బెంగలేదు. ఇంట్లో ఇద్దరి మధ్య అరగంట మౌనం ఉంటే ఏదో గొడవ జరిగిందనుకుంటారు. పరుగులో అరగంట మౌనం మామూలే. ఇంకో గొప్ప సౌకర్యం కూడా ఉంది. ఆరోగ్యం కోసం పరుగెత్తేవాడు ఎంత వేగంగా వెళ్ళాలన్నదానికి వ్యాయామ శాస్త్రజ్ఞులు ఒక సులువైన కొలత చెబుతారు: పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడగలిగేంత వేగం. అంతకు మించితే ఎక్కువన్నమాట. ఆ వేగంలో నాలుగు మాటలు వస్తాయి గాని ఉపన్యాసానికి ఊపిరి చాలదు. ‘మా రోజుల్లో...’ అని మొదలుపెట్టిన తండ్రి రెండో వాక్యం దగ్గర ఆయాసపడి ఊరుకుంటాడు. పిల్లలకు ఇంతకంటే కావలసిందేముంది?

తండ్రీ బిడ్డా కలిసి పరుగెత్తడమనగానే లోకంలో చాలామందికి గుర్తొచ్చేది అమెరికాలోని హాయిట్ తండ్రీకొడుకులు. కొడుకు రిక్ 1962లో పుట్టాడు. పుట్టేటప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకుని మెదడుకు ప్రాణవాయువు అందక, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకుండా, మాట లేకుండా అయిపోయాడు. ఏదైనా సంస్థలో చేర్పించి మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. తల్లిదండ్రులు మర్చిపోలేదు, ఇంటికి తీసుకుపోయారు. అతనికి పదేళ్ళప్పుడు టఫ్ట్స్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు తల కదలికతో అక్షరాలు ఎంచుకునే యంత్రం ఒకటి తయారుచేసి ఇచ్చారు. దానితో అతను మనసులో మాట చెప్పడం నేర్చుకున్నాడు. 1977లో, ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఒక క్రీడాకారుడి సహాయార్థం ఐదు మైళ్ళ పరుగు పెడితే, తానూ వెళతానన్నాడు పదిహేనేళ్ళ రిక్. తండ్రి డిక్ అప్పటికి పరుగు అలవాటున్న మనిషి కాదు. అయినా చక్రాల కుర్చీ తోసుకుంటూ ఐదు మైళ్ళూ పరుగెత్తాడు. చివరి నుంచి రెండోవాళ్ళుగా చేరారు. ఆ రాత్రి కొడుకు తన యంత్రం మీద తండ్రికి చెప్పిందేమిటంటే, పరుగులో ఉన్నంతసేపూ తాను అవిటివాణ్ణన్న సంగతే గుర్తు రాలేదని.

ఆ మాట పట్టుకుని తండ్రి దాదాపు నలభై ఏళ్ళు పరుగెత్తాడు. ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా పందాల్లో పాల్గొన్నారు. బోస్టన్ మారథాన్ ఒక్కటే 2014 వరకూ 32 సార్లు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. కొడుకున్న కుర్చీ తోసుకుంటూ అంత దూరమూ 2 గంటల 40 నిమిషాల 47 సెకన్లలో పూర్తిచేసిన రికార్డు వాళ్ళది. వట్టి చేతులతో అంత వేగంగా పరుగెత్తగలవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది ఉంటారు? రిక్ 1993లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నాడు. 2003లో డిక్‌కు గుండెపోటు వచ్చింది. ఈ పరుగు లేకపోతే పదిహేనేళ్ళ కిందటే పోయుండేవాడివని డాక్టరు ఆయనతో అన్నాడట. కొడుకును తోసినవాడు తండ్రే, తండ్రిని బతికించినవాడు కొడుకు. డిక్ 2021లోనూ, రిక్ 2023లోనూ కన్నుమూశారు.

ఈ కథ కన్నీళ్ళు తెప్పించడానికి చెప్పలేదు. ఇందులో గమనించవలసిన విశేషం ఒకటుంది. పరుగు కోరినవాడు కొడుకు. తండ్రి దానికి ‘సరే’ అన్నాడు. సరే అన్నాక ఒడ్డున నిలబడకుండా తన కాళ్ళు, తన ఊపిరి అందులో పెట్టాడు. ఈ రెండూ లేకుండా, పిల్లల పరుగులో పెద్దల కోరిక దూరితే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు కూడా ఉన్నాయి.

మన పక్కనున్న ఒడిశాలో బుధియా సింగ్ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళ పసివాడు. 2006 మే నెలలో పూరీ నుంచి భువనేశ్వర్‌కు 65 కిలోమీటర్లు, 7 గంటల 2 నిమిషాల్లో పరుగెత్తాడు. మే నెల అంటే ఎండ ఎలా ఉంటుందో తూర్పు తీరం వాళ్ళకు ఒకరు చెప్పాలా? దేశమంతా చప్పట్లు కొట్టింది. చివరికి ప్రభుత్వం కల్పించుకుని ఆ పిల్లవాడి దూరపు పరుగులు ఆపించింది. అతన్ని చేరదీసి అన్నం పెట్టిన మనిషే అతని కోచ్, ఆ మాట నిజమే. కాని ఆ దూరం ఎవరి కోరిక? నాలుగేళ్ళ పిల్లవాడికి 65 కిలోమీటర్లంటే ఏమిటో తెలుసా?

నార్వే దేశంలో ఇంగెబ్రిగ్‌ట్సెన్ కుటుంబం కథ ఇంకో రకం. తండ్రి గ్యెర్ట్ స్వయంగా నేర్చుకుని శిక్షకుడైనవాడు. ముగ్గురు కొడుకుల్నీ 1500 మీటర్లలో యూరప్ ఛాంపియన్లను చేశాడు. చిన్నవాడు యాకబ్ టోక్యో ఒలింపిక్స్‌లో ఆ దూరానికే స్వర్ణం గెలిచాడు. ఇంతకంటే తండ్రి ఏం కోరుకుంటాడు అనిపిస్తుంది. 2023లో ఆ ముగ్గురు కొడుకులూ తండ్రి తమను కొట్టి భయపెట్టి పెంచాడని బాహాటంగా రాశారు. కేసు కోర్టుకెక్కింది. 2025లో తీర్పు వచ్చింది. యాకబ్‌ను హింసించాడన్న అభియోగం రుజువు కాలేదని కొట్టేశారు. కూతుర్ని తువ్వాలుతో కొట్టాడన్న ఒక్క అభియోగం మీద, అమలుచేయకుండా నిలిపి ఉంచిన 15 రోజుల శిక్ష వేశారు. ఎవరిది తప్పు, ఎంత తప్పు అన్నది కోర్టు చూసుకుంది. మనకు కనిపించేది ఇంతే: ఇల్లంతా పతకాలు నిండాయి గాని, తండ్రీ కొడుకులు మాట్లాడుకోవలసిన మాటలు న్యాయమూర్తి ఎదుట మాట్లాడుకోవలసి వచ్చింది.

అంత దూరం వెళ్ళక్కర్లేదు. తెల్లవారుజామున మన పల్లెల రోడ్ల మీద చూడండి. కానిస్టేబుల్ ఎంపికలకు 1600 మీటర్ల పరుగుంటుంది కదా, దానికోసం కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ పరుగెత్తుతూ ఉంటారు. కొందరి వెనకాల తండ్రి మోటారు సైకిలు మీద వస్తూ ఉంటాడు, వేగం పెంచమని అరుస్తూ. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. అది ఉద్యోగం కోసం పరుగు, ఆ ఇంటికి అన్నం ముద్ద. నిద్ర మానుకుని వెంట వచ్చాడు, అది మాత్రం తక్కువా? కాని ఉద్యోగం వచ్చిన మర్నాడు ఆ పరుగు ఆగిపోతుంది. ఎందుకంటే అది మొదటినుంచీ ప్రేరణార్థకమే.

కలిసి పరుగెత్తడంలో కీలకమంతా వేగంలో ఉంది. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ చిన్న నమూనాలు కారు. వాళ్ళ కాళ్ళు పొట్టివి, అదే దూరానికి ఎక్కువ అడుగులు వెయ్యాలి. ఒకే వేగంలో వెళ్ళినా శరీర బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ళకంటే వాళ్ళకే ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి కనక రోజూ మైళ్ళకు మైళ్ళు మోపకూడదు. వాళ్ళ సహజమైన పరుగు ఒక ఉరుకు, ఒక ఆగుడు, మధ్యలో ఒక ఉడతను చూడడం. ఏడేళ్ళ బిడ్డతో పరుగెత్తే తండ్రి ఆ లెక్కనే తన లెక్క చేసుకోవాలి. బిడ్డ ఆగితే ఆగాలి. రెండో కిలోమీటరు కోసం బతిమాలకూడదు, లంచం పెట్టకూడదు, పక్కింటివాడి కొడుకును ఉదహరించకూడదు.

ఇక్కడే ఈ వ్యవహారంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన సంగతి ఉంది. బిడ్డకు ఏడేళ్ళున్నప్పుడు తండ్రి తన వేగం తగ్గించుకుంటాడు. బిడ్డకు ఇరవై ఏళ్ళొచ్చేసరికి, యాభై దాటిన తండ్రి కోసం బిడ్డ తన వేగం తగ్గించుకుంటాడు. ఈ రెండింటి మధ్యా ఎక్కడో ఒక రోజు ఇద్దరి వేగమూ సరిసమానమవుతుంది. ఆ మర్నాటి నుంచి బిడ్డది పైచేయి. పదహారేళ్ళొచ్చిన కొడుకును స్నేహితుడిలా చూడమని పెద్దలన్నారు గాని, ఆ రోజు ఎప్పుడొచ్చిందో ఇంట్లో ఎలా తెలుస్తుంది? ఇంట్లో పైచేయి మారడమంటే గొడవే. తలుపులు ధడాలున పడతాయి, అన్నం మానేస్తారు, అమ్మ మధ్యలో ఏడుస్తుంది. మైదానంలో అది కేకలు లేకుండా జరిగిపోతుంది. వెనకబడ్డ తండ్రి లోపల్లోపల సంతోషిస్తాడు కూడా. బిడ్డ తనను దాటిపోయాడని తండ్రి తన కళ్ళతో చూసి ఒప్పుకునే చోటు ఇంకెక్కడుందో నాకు తెలియదు.

అందరికీ అలాగే జరగాలని కూడా లేదు. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మారథాన్‌లో టామీ హ్యూస్ అనే ఐర్లండ్ తండ్రి, ఓయిన్ అనే కొడుకు పాల్గొన్నారు. తండ్రికి 59, కొడుకుకు 34. ఇద్దరి సమయమూ కలిపితే 4 గంటల 59 నిమిషాల 22 సెకన్లు. తండ్రీకొడుకుల జంటకు అప్పటికి అది ప్రపంచ రికార్డు. అందులో తండ్రి సమయం 2:27:52, కొడుకుది 2:31:30. అరవయ్యో ఏట అడుగుపెట్టబోతూ తండ్రే ముందు చేరాడు! కాబట్టి యాభై దాటిన నాన్నల్ని మరీ తీసిపారెయ్యకండి.

ఇక ఆక్షేపణలు. మొదటిది, మోకాళ్ళు అరుగుతాయని. ఈ భయం మన దగ్గర బలంగా ఉంది. 2017లో వచ్చిన ఒక సమీక్షలో అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూశారు. మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల సరదాకు పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికీ, కదలకుండా కూచునేవారిలో నూటికి 10.2 మందికీ కనిపించింది. పోటీల కోసం గట్టిగా పరుగెత్తేవారిలో మాత్రం 13.3. కూర్చున్నా అరుగుతుంది, పంతానికి పోయినా అరుగుతుంది, మధ్యేమార్గం మేలన్నమాట. అయితే నలభై దాటి, ఇన్నాళ్ళూ కదలని పెద్దలు రేపు పొద్దున్నే లేచి ఉరకమని నేననను. ముందు డాక్టరుకు చూపించుకుని రక్తపోటు, చక్కెర, గుండె సంగతి తెలుసుకోండి. మొదటి నెల నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఉక్కపోత ఊళ్ళల్లో సూర్యుడు పైకి రాకముందే పూర్తిచేసుకోండి. మంచినీళ్ళ సీసా మర్చిపోకండి. ఛాతీలో నొప్పి వస్తే మగతనం చూపించకుండా ఆగిపొండి.

రెండోది ఆడపిల్లల విషయం, తల్లుల విషయం. రోడ్డు మీద పరుగెత్తే అమ్మాయిని చూసే చూపులు ఎలా ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు. చీకటి, కుక్కలు, వెక్కిరింపులు. పక్కన తల్లో తండ్రో ఉంటే ఆ చూపులు చాలావరకు పక్కకు తిరుగుతాయి. కాని అది కాపలా కాకూడదు. కూతురితో పాటు తానూ చెమటోడుస్తున్న తల్లిని చూసి వీధిలో ఇంకో ఇద్దరు తల్లులు బయటికి వస్తే, మరుసటి ఏటికి ఎవరి తోడూ లేకుండానే ఆడపిల్లలు పరుగెత్తగలుగుతారు. అయితే తల్లి పరుగుకు వెళ్ళాలంటే ఆ పూట ఉప్మా ఎవరు చెయ్యాలన్నది ముందు ఇంట్లో తేలాలి. తండ్రీ కొడుకులు పరుగెత్తి వచ్చేసరికి అమ్మ కాఫీ కలిపి పెట్టడం వ్యాయామమూ కాదు, అనుబంధమూ కాదు. పాత పద్ధతే, బూట్లు తొడుక్కుంది.

మూడో ఆక్షేపణ బరువైనది. ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట కదా అని. నిజమే. మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజీ జ్యోతి సంగతి తీసుకోండి. 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, మన దేశంలో ఆ పందేనికి మొట్టమొదటి బంగారు పతకం. 2025లో మళ్ళీ గెలిచింది. మధ్యలో 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పనిచేసి, ఆస్పత్రిలో శుభ్రం చేసే పని చేసిన మనిషి. అలాంటి తల్లిదండ్రుల్ని పొద్దున్నే లేచి కూతురి పక్కన ఎందుకు పరుగెత్తలేదని ఎవరైనా అడగగలరా? వాళ్ళ పరుగు వేరే చోట జరిగింది. కాబట్టి నా మాట వినవలసింది తీరిక లేనివాళ్ళు కాదు. తీరిక ఉండీ దాన్ని ఫోనుకు అప్పగించినవాళ్ళు. బిడ్డ ఫీజు లక్షల్లో కట్టి, బిడ్డకు వారానికి గంట ఇవ్వలేనంటున్నవాళ్ళు.

చివరి ఆక్షేపణ విద్యార్థుల వైపు నుంచి రావాలి. వాళ్ళు మొహమాటపడితే నేనే చెబుతాను. ‘ఇంట్లో వాళ్ళ నుంచి తప్పించుకోవడానికే మేం పరుగుకు వెళతాం. అక్కడ కూడా నాన్న పక్కనే అంటే ఎలా?’ ఇది న్యాయమైన ప్రశ్న. రోజూ కలిసి పరుగెత్తమని నేననడం లేదు. వారానికి ఒక్కరోజు, సెలవుల్లో రెండు రోజులు. మిగతా రోజులు మీవి మీవే. ఆ ఒక్క రోజుకు కూడా షరతులుంటాయి. మార్కులు, పెళ్ళి, ఉద్యోగం అన్న మూడు మాటలు పెద్దలు ఎత్తకూడదు. ఫోను చూడడం పిల్లలు మానాలి. నెమ్మదిగా వెళ్ళేవాడి వేగమే ఇద్దరి వేగం. ఎవరు ఆగుదామంటే అక్కడ ఆగాలి. తిరిగొచ్చేటప్పుడు ఇడ్లీ బండి దగ్గర డబ్బులిచ్చే వంతు మాత్రం పెద్దలదే.

మాటలు చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు కనక విద్యార్థి సంఘం వారి ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఏటా వార్షిక క్రీడోత్సవం నాడు అధ్యాపకులకు నిమ్మకాయా చెంచా పందెమూ, అధ్యాపకురాళ్ళకు మ్యూజికల్ చైర్సూ పెడతాం. బాగానే ఉంది, నవ్వుకుంటాం. వచ్చే ఏడు ఆ జాబితాలో ఇంకొక్కటి చేర్చండి. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు. ట్రాకు 400 మీటర్లది కనక మొత్తం 1600 మీటర్లు. విద్యార్థి తన తండ్రినో తల్లినో తెచ్చుకోవచ్చు. అధ్యాపకులూ పాత విద్యార్థులూ తమ పిల్లల్ని తెచ్చుకోవచ్చు. నడవదలచుకున్నవారు నడవచ్చు, కుర్చీలో తోసుకు రాదలచుకున్నవారు అలాగే రావచ్చు. అమ్మానాన్నలు లేని పిల్లల పక్కన, రాలేని వాళ్ళ పిల్లల పక్కన అధ్యాపకులు పరుగెత్తాలి. ఒక్కటే నియమం: జంట విడిపోకూడదు, ఇద్దరూ కలిసే గీత దాటాలి. మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. కప్పులిస్తే మళ్ళీ మోటారు సైకిలు మీద తండ్రులు తయారవుతారు.

దీనికయ్యే ఖర్చు గీతలకు ఓ బస్తా సున్నం, రెండు బిందెల నిమ్మకాయ నీళ్ళు, ప్రథమ చికిత్సకు ఒక బల్ల. అది సవ్యంగా జరిగితే ఆదివారం పొద్దుటిపూట మైదానం గేటు తాళం తీసి ఉంచమని పి.డి. గారిని అడుగుదాం. చుట్టుపక్కల పేటల పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు. విశ్వవిద్యాలయానికి ఊరితో ఆపాటి చుట్టరికం ఉండాలి.

పిలుపులు మాత్రం సంఘం తరఫున అచ్చువేసిన కార్డుల మీద పంపవద్దు. ఎవరి నాన్నను వాళ్ళే ఫోను చేసి పిలవాలి. ఆయన అలవాటు కొద్దీ ‘ఇదిగో, మీ అమ్మకిస్తున్నా’ అనబోతారు. అప్పుడు ‘అమ్మతో తర్వాత మాట్లాడతాను, ఆవిణ్ణీ తీసుకురండి. ముందు మీ బూటు సైజు ఎంతో చెప్పండి నాన్నా’ అని అడగాలి.